సాయంత్రం పూట సూళ్లూరుపేట ఎక్కడ కూర్చోవాలి?

రాకెట్లు చూడటానికి, పక్షులు చూడటానికి దేశం నలుమూలల నుంచీ జనం వచ్చే ఊరిది. ఆ ఊరి పిల్లలకూ పెద్దలకూ రోజూ నడిచి వెళ్లగలిగే నీడ గురించి ఈ కథనం.

ప్రయోగం ఉన్న రోజున సూళ్లూరుపేటలో అందరి నడకా తూర్పుకే. చెన్నై లోకల్ దిగినవాళ్లు, తిరుపతి బస్సు దిగినవాళ్లు, జాతీయ రహదారి మీద నుంచి కారు మళ్లించుకుని వచ్చినవాళ్లు షార్ రోడ్డు పట్టుకుని పులికాట్ మధ్యగా శ్రీహరికోట వైపు సాగిపోతారు. ఒకప్పుడు మిద్దెలెక్కి చూసిన పొగచారను ఇప్పుడు దగ్గర కూర్చుని చూడొచ్చు. 2019 మార్చి 31న అక్కడి రాకెట్ ప్రయోగ కేంద్రం షార్‌లో సందర్శకుల గ్యాలరీ మొదలైంది. 5 వేల మంది పడతారు. మర్నాడే పీఎస్‌ఎల్‌వీ-సీ45 నింగికి లేస్తుంటే జనం అక్కడి నుంచి చప్పట్లు కొట్టారు. ఆ జులైలో చంద్రయాన్-2, 2023 జులై 14న చంద్రయాన్-3. 2025 జనవరి 29న తెల్లవారుజామున జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15 లేచేసరికి శ్రీహరికోట వంద ప్రయోగాలు పూర్తి చేసుకుంది.

రాకెట్ లేని నెలల్లో పక్షులున్నాయి. 2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్‌ను ఊళ్లోవాళ్లు పక్షుల పండగ అంటారు. కొన్నేళ్లు ఆగిపోయి 2025 జనవరిలో మళ్లీ మూడు రోజులు జరిగింది. వేదిక సూళ్లూరుపేటలో, గూళ్లు చూడటం నేలపట్టులో, పడవ షికారు తడ దగ్గర భీములవారిపాళెంలో. ఇవి చాలవన్నట్టు 2019 ఆగస్టులో ‘సాహో’తో తెరుచుకున్న సినిమా హాలు ఒకటుంది. దాని తెర వెడల్పు సుమారు వంద అడుగులు. చెన్నై నుంచి కూడా ఆ తెర కోసం జనం వస్తారు. ఇంకాస్త పడమటికి పోతే వరదయ్యపాళెం వైపు కొండల్లో ఉబ్బలమడుగు జలపాతం.

చిన్న పట్నానికి ఇంతకంటే భాగ్యం ఏం కావాలి అనిపిస్తుంది. కానీ ఇవన్నీ సెలవు రోజున, బండి మాట్లాడుకుని, సద్ది కట్టుకుని వెళ్లే చోట్లు. మంగళవారం సాయంత్రం ఆరు గంటలకు, బడి నుంచి వచ్చిన పిల్ల ‘అమ్మా, ఆడుకోవాలి’ అంటే ఆ తల్లి ఎక్కడికి తీసుకెళ్లాలి? మోకాళ్ల నొప్పులున్న పెద్దాయనను రోజూ అరగంట నడవమని డాక్టరు చెబితే, లారీలూ బైకులూ రాసుకుపోయే రోడ్డు తప్ప ఆయనకు దారేది? ఈ ఊరి గురించి నేను అడగదలచుకున్నది ఈ ఒక్కటే.

పురపాలక సంఘం పుస్తకాల్లో పార్కులని రాసుకున్నవి ఎన్ని అన్నది ఒక లెక్క. అయిదేళ్ల పిల్లను చెయ్యి పట్టుకుని పది నిమిషాల్లో నడిపించుకుని వెళ్లగలిగిన నీడపట్టు ఎన్ని ఇళ్లకు ఉందన్నది ఇంకో లెక్క. నాకు ఈ రెండోదే అసలు లెక్క.

2011 జనగణన నాటికి ఈ పురపాలక సంఘం జనాభా 45 వేల పైచిలుకు. ఆ తర్వాత శ్రీసిటీ, మాంబట్టు పారిశ్రామికవాడలు పెరిగాయి. ఇక్కడ అద్దె ఇల్లు తీసుకుని అక్కడ షిఫ్టులు చేసేవాళ్లు పెరిగారు. కేంద్ర ప్రభుత్వం పట్టణ ప్రణాళికల కోసం వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం పార్కులు, ఆటస్థలాలు అన్నీ కలిపి మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ జాగా ఉండాలి. పాత జనాభాకే లెక్క కట్టినా తక్కువలో తక్కువ 45 హెక్టార్లు, అంటే 110 ఎకరాల పైన. అంత జాగా పట్నం నడిబొడ్డున ఒక్కచోట దొరకదు. దొరకాల్సిన పని కూడా లేదు. వీధికొకటిగా, చిన్నచిన్నవిగా ఉంటేనే ముసలివాళ్లూ పసివాళ్లూ వాటి దాకా నడవగలరు.

పక్షుల ఇంట్లో మన పిక్నిక్

‘పక్కనే అంత పెద్ద సరస్సు, అంత పెద్ద పక్షుల కేంద్రం ఉంటే ఇంక పార్కు ఎందుకు?’ అని అడిగేవాళ్లున్నారు. ఈ మాటకు జవాబు కొంచెం నిదానంగా చెప్పాలి.

నేలపట్టు దొరవారిసత్రం మండలంలో ఉంది. 458.92 హెక్టార్ల ఆ చోటును 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. చెరువు నీళ్లలోనే నిలబడి పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు కురిసి చెరువు నిండితే వాటికి ధైర్యం. నీళ్లు చుట్టూ ఉంటే పిల్లి, నక్క లాంటివి చెట్టు దాకా రావు. తల్లీ తండ్రీ వంతులవారీగా గూడు కాస్తాయి. ఒకటి గూడు దగ్గరుంటే ఇంకొకటి పులికాట్ దాకా ఎగిరిపోయి, గొంతుసంచిలో చేపలు నింపుకుని వచ్చి పిల్లల నోట పెడుతుంది. గూడబాతులతో పాటు నత్తగుల్లకొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు కూడా అవే చెట్ల మీద కాపురాలు పెడతాయి. చలికాలం పోయి ఎండలు ముదిరేలోగా పిల్లలు రెక్కలు తెచ్చుకుని ఎగిరిపోవాలి.

నేలపట్టు రైతులు ఈ పక్షులను తరతరాలుగా తరమకుండా కాచారు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పైరుకు బలమని వాళ్లకు తెలుసు. గూడబాతులు వచ్చిన ఏడు వానలకు లోటుండదని నమ్మకం. ప్రభుత్వ ప్రకటనకు చాలా ముందే ఊరు పెట్టుకున్న కట్టుబాటు అది. ఉమ్మడి ఆస్తిని ఊరు ఎలా కాపాడుకుంటుందో చెప్పడానికి మనం విదేశాల ఉదాహరణలు వెతకనక్కర్లేదు, సూళ్లూరుపేట నుంచి అరగంట ప్రయాణం చాలు.

పులికాట్ సంగతి ఇంకా సున్నితం. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. పాతకాలపువాళ్ల నోట ప్రళయకావేరి. ఎక్కువ భాగం మన రాష్ట్రంలోనే ఉంది. ఫ్లెమింగోలు గుడ్లు పెట్టేది ఇక్కడ కాదు, గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. ఇక్కడికి తిండికి వస్తాయి. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, తల కిందులు చేసి, వంకర ముక్కుతో బురదనీటిని వడగట్టుకుని సన్నటి జీవాలను తింటాయి. అవి కడుపు నింపుకోవాలంటే గంటల తరబడి ఎవరూ కదిలించకూడదు. ఫొటో కోసం ఎవరో ఒకరు ముందుకు నడిస్తే గుంపంతా లేస్తుంది. మనకు అది అందమైన దృశ్యం, వాటికి తిన్నది వృథా అయిన ఉదయం.

రాయదొరువు, కొండూరుపాళెం దగ్గర సముద్రపు ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతున్నాయని చేపలు పట్టేవాళ్లు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు. శ్రీహరికోటకు వేసిన రోడ్డు సరస్సును అడ్డంగా దాటిపోతుంది. వేసవిలో ఉత్తర భాగం ఎండి బీటలు వారుతుంది. శ్రీహరికోట అడవిని నమ్ముకుని బతికిన యానాదులను ప్రయోగ కేంద్రం కోసం అక్కడి నుంచి తరలించారు. అంటే మనం ‘చూడచక్కని చోటు’ అని చెప్పుకునే ఈ నీళ్ల మీద, ఈ నేల మీద ఇప్పటికే చాలా భారం ఉంది.

పట్నంలో సాయంత్రం గడపడానికి చోటు దొరకనప్పుడు ఆదివారం రాగానే బిర్యానీ పొట్లాలు, పాటల పెట్టెలు, ప్లాస్టిక్ గ్లాసులు ఇలాంటి చోట్లకే చేరతాయి. పరుగెత్తాలని, అరవాలని, బంతి విసరాలని ఉన్న పిల్లలను పట్టుకుని గూళ్ల దగ్గర ‘ష్... అల్లరి చెయ్యొద్దు’ అనాల్సి వస్తుంది. తప్పు పిల్లలది కాదు. అరుచుకుంటూ ఆడుకునే చోటు వాళ్లకు వీధి చివర లేకపోవడం వల్ల వచ్చిన చిక్కు అది. ఊరి లోపల పార్కులు పెరిగితే ఊరి బయట పక్షులకు నెమ్మది దొరుకుతుంది. గూడబాతుల మేలు కోరే అటవీ శాఖ, పట్నంలో పార్కుల కోసం పురపాలక సంఘంతో కలిసి కూర్చోవడం ఈ కారణంగానే అవసరం.

కాళంగి ఒడ్డు

ఊరికి సొంతమైన పెద్ద ఖాళీ చోటు ఒకటుంది. అది కాళంగి నది. పడమటి కొండల నుంచి దిగి, సూళ్లూరుపేట పక్కగా పారి, పులికాట్‌లో కలుస్తుంది. ఏడాదిలో చాలా నెలలు ఇసుక, రెల్లు, అక్కడక్కడ మడుగులు. కార్తీకం వచ్చేసరికి ఒక్క వాయుగుండంతో రూపు మారిపోతుంది. 2015 నవంబరు వానలు, 2021 నవంబరు వరదలు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వానలు ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు.

ఆ ఒడ్డునే చెంగాలమ్మ ఉంది. గుడికి తలుపులు లేవు. రాత్రీ పగలూ అమ్మ దర్శనం ఉంటుంది. ఒకసారి దొంగ భయంతో తలుపులు చేయించబోతే, నాకూ నా బిడ్డలకూ మధ్య అడ్డు వద్దని అమ్మ కలలో చెప్పిందని, ఆ పక్కన పడేసిన చెక్కే చిగురు వేసి చెట్టయిందని ఊరి నమ్మకం. షార్ శాస్త్రవేత్తలు ప్రయోగానికి ముందు ఇక్కడికి వచ్చి దండం పెట్టుకుని వెళ్తారు. నిజం చెప్పాలంటే, తరాలుగా ఈ ఊళ్లో సాయంత్రం కాసేపు కూర్చునే చోటు కూడా గుడి ఆవరణే. పని మీద వచ్చిన పల్లె జనం చెట్టు కింద మూట దించి, కొంగుతో మొహం తుడుచుకుని, నీళ్లు తాగి లేచే చోటు. కానీ గుడి అందరి సాయంత్రాలనూ మొయ్యలేదు. క్రికెట్ బ్యాటుతో వచ్చిన కుర్రాడికి, చీకటి పడ్డాక చదువుకోవడానికి ఇంట్లో జాగా లేని పిల్లకు, వేరే మతంవాళ్లకు, ఏ మతం పట్టనివాళ్లకు కూడా ఊళ్లో ఒక చోటు ఉండాలి.

కాళంగి ఒడ్డును పార్కు చేయమని అడగడం తేలిక. ఎలాంటి పార్కు అన్నదే ముఖ్యం. నది ఒడ్డు అనగానే ఇప్పుడు అందరి కళ్లూ అహ్మదాబాద్ వైపు పోతాయి. అక్కడ సబర్మతికి రెండు వైపులా కాంక్రీటు గోడలు కట్టి, వాటి మీద నడకదారులు వేశారు. కాళంగికి ఆ పద్ధతి సరిపడదు. ఇది వానాకాలంలో పక్కకు పొర్లే నది. పొర్లడానికి దానికి జాగా కావాలి. ఆ జాగాను గోడ కట్టి లాక్కుంటే నీళ్లు ఎదురుగా ఉన్న పేదల వీధుల్లోకి వెళ్తాయి.

అందుకే నది పార్కు మునగడానికి సిద్ధపడి ఉండాలి. నీళ్లు తీశాక బురద కడిగితే మళ్లీ వాడుకోగలిగినట్టు ఉండాలి. మట్టి దారులు, రాతి అరుగులు, గడ్డి. కరెంటు సామాను ఎత్తు మీద. కట్టడం అంటూ ఉంటే మరుగుదొడ్లు, తాగునీటి గది మాత్రమే, అవీ వరద మట్టానికి పైన. చెట్ల కోసం నర్సరీల కాటలాగులు తిరగెయ్యక్కర్లేదు. నేలపట్టు చెరువులో నెలల తరబడి నీళ్లలో నిలబడే కడప చెట్టు ఈ ఒడ్డుకు అచ్చంగా సరిపోతుంది. కొంచెం ఎత్తున నేరేడు, కానుగ. ఇంకా పైన వేప, రావి, చింత. ఉప్పుగాలికి తట్టుకునే గంగరావి, పొన్న. పదేళ్లు ఓపిక పడితే ఏప్రిల్ ఎండలో కూడా కూర్చోగలిగిన నీడ వస్తుంది. దిగుమతి చేసిన తాటిజాతి అలంకారపు మొక్కలు వరసగా నాటితే ఫొటో బాగుంటుంది కానీ వాటి కింద ఒక్క మనిషికీ నీడ పడదు.

లోకల్ రైలు ఆగే చోట ఒక పార్కు ఉండేది

సూళ్లూరుపేటలో తెల్లవారి లోకల్ ఎక్కినవాళ్లు చెన్నై సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ కాంప్లెక్స్ స్టేషన్‌లో దిగుతారు. రోజూ వేలమంది అడుగుపెట్టే ఆ నేల ఒకప్పుడు పార్కు అని వాళ్లలో ఎంతమందికి తెలుసో!

1859లో మద్రాసు గవర్నరు చార్లెస్ ట్రెవెల్యన్ ఆ నగరంలో సామాన్యులకు గాలి పీల్చుకునే చోటు ఉండాలని పట్టుబట్టి పీపుల్స్ పార్కు పెట్టించాడు. విస్తీర్ణం 116 ఎకరాలు. చెట్లు, కొలనులు, బ్యాండు మేళం, జంతుప్రదర్శనశాల. అప్పుడు నెల్లూరు జిల్లా మద్రాసు రాజధానిలో భాగం కాబట్టి ఆ పార్కు మన తాతముత్తాతలది కూడా. తర్వాత ఏం జరిగింది? దాన్ని ఎవరూ ఒక్కరోజులో మింగలేదు. ఒక మూల విక్టోరియా పబ్లిక్ హాలు వచ్చింది. 1900లో మూర్ మార్కెట్ వచ్చింది. 1913లో నగరపాలక సంస్థకు రిపన్ బిల్డింగ్ లేచింది. తర్వాత స్టేడియం. మూర్ మార్కెట్ 1985లో కాలిపోయాక ఆ స్థలంలో లోకల్ రైళ్ల స్టేషన్ కట్టారు. జంతుప్రదర్శనశాల వండలూరుకు తరలింది. పాత పుస్తకాల కోసం మూర్ మార్కెట్‌లో తిరిగిన తెలుగు పాఠకులు ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు. దాని కిందున్న పార్కును తలుచుకునేవాళ్లు మాత్రం లేరు.

ఈ కథలో నన్ను బాధపెట్టే విషయం, కట్టిన ప్రతిదీ మంచి పనికే కట్టారు. సభామందిరం, బజారు, కార్యాలయం, ఆటల స్టేడియం, రైల్వే స్టేషన్. ఏ ఒక్కదాన్నీ వద్దనలేం. ఖాళీ జాగా కనబడితే చాలు, దాన్ని ‘ఏదో ఒక మంచి పనికి’ వాడాలన్న తొందర ఒక్కో ముక్కా కొరుక్కుతింది. చిన్న పట్నాల్లో కూడా ఇదే వరస. పార్కు స్థలంలో మొదట నీళ్ల ట్యాంకు, తర్వాత అంగన్‌వాడీ, ఆ తర్వాత వార్డు కార్యాలయం, చివరికి మిగిలిన మూలలో చెత్త బళ్లు. నీళ్ల ట్యాంకూ కావాలి, అంగన్‌వాడీ తప్పకుండా కావాలి. కానీ వాటికి వేరే స్థలం వెతకడం పాలకుల బాధ్యత. ఖాళీగా ఉండటమే పార్కు చేసే పని.

మన తెలుగు పట్నాలకు పార్కు కొత్త సంగతేమీ కాదు. ఒక తరం కిందట మునిసిపల్ పార్కులో సాయంత్రం రేడియో పెట్టేవారు. వార్తల వేళకు బల్లలన్నీ నిండేవి. ఇంట్లో రేడియో లేనివాళ్లు అక్కడ విన్నారు. పత్రిక కొనలేనివాళ్లు పార్కు పక్క గ్రంథాలయంలో చదివారు. పార్టీల వాదనలు, పెళ్లి సంబంధాల కబుర్లు, పద్యాలు, పందేలు అన్నీ అక్కడే. ఒక ఊరి మనుషులు ఒకరినొకరు చూసుకునే చోటు అది. ఇప్పుడు ఎవరి ఫోను వాళ్ల చేతిలో ఉంది కాబట్టి అలాంటి చోటు అక్కర్లేదనే మాట నేను ఒప్పుకోను. ఫోను వచ్చాకే ఆ చోటు మరింత కావాలి.

58 అంకణాలు చాలు

నెల్లూరు సీమలో స్థలం మాట వస్తే గజాలకంటే ముందు అంకణాలు వస్తాయి. అంకణం 72 చదరపు అడుగులు. న్యూయార్కులో 53వ వీధిలో పేలీ పార్కు అని ఒకటుంది. 1967లో తెరిచారు. దాని మొత్తం విస్తీర్ణం 4,200 చదరపు అడుగులు, అంటే మన లెక్కలో 58 అంకణాలు. రెండు పెద్ద భవనాల మధ్య ఇరుకు జాగా. కొన్ని చెట్లు, ఎటు కావాలంటే అటు జరుపుకునే కుర్చీలు, వెనక గోడ మీద నుంచి జారే నీళ్లు. ఆ నీళ్ల చప్పుడులో రోడ్డు రొద వినబడదు. ప్రపంచమంతటా పట్టణ ప్రణాళికలు వేసేవాళ్లు ఇప్పటికీ ఆ 58 అంకణాల గురించి చదువుకుంటారు.

సూళ్లూరుపేట చుట్టూ లేఅవుట్లు వేస్తున్నవాళ్లు వినాలి. మన రాష్ట్ర 2017 లేఅవుట్ నిబంధనల ప్రకారం మొత్తం విస్తీర్ణంలో కనీసం 10 శాతం ఖాళీ స్థలంగా వదలాలి. దాన్ని రిజిస్టరు చేసిన దానపత్రం ద్వారా స్థానిక సంస్థకు ఉచితంగా అప్పగించాలి. అయిదెకరాల లేఅవుట్ అంటే అర ఎకరం, అంటే 300 అంకణాల పైచిలుకు. అయిదు పేలీ పార్కులు పట్టే చోటు. కాగితం మీద ఇది ప్రతి అనుమతి పొందిన లేఅవుట్‌లోనూ ఆకుపచ్చ రంగు వేసి ఉంటుంది. నేల మీద అది ఎలా ఉందో చూడాలి. కంచె లేక, మొక్క లేక, తుమ్మ పొదలు మొలిచి, ఇటుకలూ ఇసుకా పోసుకునే చోటైతే, రేపు ఎవరో ఒకరు గుడిసె పేరుతోనో గుడి పేరుతోనో పాతుకుపోతారు. అనుమతి లేని లేఅవుట్లలో అయితే ఆ పది శాతం కూడా ప్లాట్లయి అమ్ముడుపోతుంది. చవకగా వస్తుందని అక్కడ కొన్న కుటుంబం, పిల్లల ఆటస్థలాన్ని కూడా కలిపి కొన్న సంగతి ఇల్లు కట్టాక గాని తెలుసుకోదు.

చట్టం పార్కు పక్షానే ఉంది. పార్కులు, తోటలు, ఆటస్థలాలు సమకూర్చడం పట్టణ సంస్థల పనుల జాబితాలో ఉందని రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు చెబుతుంది. 74వ సవరణతో వచ్చిన షెడ్యూలు అది. బెంగళూరులో ఒక కాలనీలో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రి కోసం కేటాయిస్తే, ఆ కాలనీవాసులే కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పు ఇచ్చింది. ప్రజల కోసం పార్కుగా ఉంచిన స్థలాన్ని అధికారంలో ఉన్నవాళ్లు తమ ఇష్టం వచ్చినట్టు మార్చలేరనీ, దాన్ని ప్రశ్నించే హక్కు అక్కడ నివసించేవాళ్లకు ఉందనీ ఆ తీర్పు తేల్చింది. ఆ కాలనీవాసులు చేసిన పని ఏ వార్డువాళ్లయినా చేయగలరు.

లోపల ఏముండాలి

పార్కు అనగానే మన అధికారులకు ముందు ముఖద్వారం గుర్తొస్తుంది, తర్వాత విగ్రహం, తర్వాత రంగు దీపాల ఫౌంటెన్. ప్రారంభోత్సవం రోజు తర్వాత ఆ ఫౌంటెన్ మోటారు కాలిపోతుంది. డబ్బు అక్కడ పోయాక మరుగుదొడ్డికి మిగలదు. నేనైతే వరస తిరగేస్తాను. మొదటి రూపాయి మరుగుదొడ్డికీ, నీటి కుళాయికీ. మరుగుదొడ్డి లేని పార్కులో ఆడవాళ్లు అరగంట కంటే ఎక్కువ ఉండలేరు. చక్కెర జబ్బున్న పెద్దవాళ్లూ ఉండలేరు. రెండో రూపాయి దీపాలకు. సాయంత్రం ఆరున్నర తర్వాతే పనులు తెమిలే ఆడవాళ్లకు వెలుతురే రక్షణ. కంచె ఎత్తు గోడ కాకుండా, వీధిలోంచి లోపల ఎవరున్నారో కనబడే జాలీగా ఉంటే సగం భయం అక్కడే పోతుంది.

తర్వాత ఆట. ఊళ్లో ఏ మైదానం చూసినా మగపిల్లల క్రికెట్టే. పదకొండు పన్నెండేళ్లు వచ్చిన ఆడపిల్ల మెల్లగా ఆ మైదానం అంచుకు జరిగి, ఆ పైన ఇంట్లో ఉండిపోతుంది. ఆమెకు షటిల్ ఆడుకునే గీతలు, తాడాట ఆడుకునే చదును నేల, నలుగురు స్నేహితురాళ్లు కూర్చుని మాట్లాడుకునే అరుగు కావాలి. వారంలో రెండు సాయంత్రాలు మైదానం ఆడపిల్లలదని బడి, కళాశాల, పురపాలక సంఘం కలిసి నియమం పెడితే ఖర్చు లేకుండా సగం సమస్య తీరుతుంది. ప్రభుత్వ బడుల మైదానాలు సాయంత్రం నాలుగున్నర తర్వాత తాళం పడి పడుకుంటాయి. వాటిని వీధి పిల్లలకు తెరవాలి. కాపలాదారుడి జీతం, మైదానం ఊడ్చే ఖర్చు పురపాలక సంఘం భరించాలి.

ఈ ఊరికే చెల్లిన కోరిక ఇంకొకటి. శ్రీహరికోట ఇక్కడి నుంచి 20 కిలోమీటర్ల లోపే. గ్యాలరీకి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, రవాణా చూసుకోవాలి. కూలికి పోయే ఇంటి పిల్లలకు అవన్నీ కుదరవు. సూళ్లూరుపేటలో కట్టే పార్కులో తూర్పు దిక్కున చెట్లు అడ్డం లేకుండా ఒక ఎత్తు అరుగు వదలండి. ప్రయోగం వేళకు అక్కడ ఒక మైకు పెట్టి, ఇది ఏ రాకెట్, ఏం మోసుకుపోతోంది, ఎటు తిరుగుతుంది అని షార్ నుంచి ఒకరు వచ్చి తెలుగులో చెప్పండి. మన ఊరి మీదుగా కనబడే ఆ వెలుగు గురించి ఊరి పిల్లలకు వివరంగా తెలియాలి కదా. రాత్రి ప్రయోగాలప్పుడు ఆ అరుగు మీద నిలబడిన పిల్లల్లో ఒకరు పదిహేనేళ్లకు షార్ బస్సు ఎక్కినా ఆ అరుగు ఖర్చు వచ్చినట్టే.

కట్టడం కంటే కష్టం నిలబెట్టడం. ఏడాదికోసారి టెండరు పిలిచి కాంట్రాక్టరుకు అప్పగిస్తే మొక్కకు నీళ్లు పోసేది బిల్లు వచ్చినన్నాళ్లే. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద ఉన్న పొదుపు సంఘాల మహిళలకు నిర్వహణ ఇచ్చి నెలనెలా జీతం కట్టడం మంచి దారి. అక్కడే ఒక చిన్న టీ, టిఫిన్ బండికి వాళ్లకే అనుమతి ఇస్తే పార్కులో రోజంతా ఒక పెద్దమనిషి కన్ను ఉంటుంది. పొద్దున్నే నడకకు వచ్చే విశ్రాంత ఉద్యోగులు ఊళ్లో ఎందరో ఉన్నారు. వార్డుకు అయిదుగురు చేరి పార్కు సంఘంగా ఏర్పడితే ఎండిన మొక్క, వెలగని దీపం ఆ పూటే కమిషనరు దృష్టికి వెళ్తుంది.

ప్రవేశ రుసుము మాత్రం పెట్టొద్దు. పది రూపాయలే కదా అనిపిస్తుంది. ముగ్గురు పిల్లలున్న ఇల్లు రోజూ రావాలంటే నెలకు ఎంతవుతుందో లెక్క వేయండి. రోజూ రానివాళ్లకు పార్కు వల్ల వచ్చే మేలు చాలా కొంచెం.

ఈ ఆదివారం ఈ పత్రిక మడిచి పక్కన పెట్టాక ఒక పని చేయండి. మీ వీధి ఏ లేఅవుట్‌లో ఉందో, దాని ఆమోదిత నకలు పురపాలక కార్యాలయం పట్టణ ప్రణాళిక విభాగంలో అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. అందులో పార్కు అని గుర్తించిన స్థలం దగ్గరకు మీ పిల్లలను తీసుకుని నడిచి వెళ్లండి. ఖాళీగా ఉంటే నలుగురూ కలిసి ఈ వానాకాలంలోనే పది మొక్కలు, వేపా కానుగా, నాటి, కంచె వేయమని నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా అడగండి. అక్కడ ఇంకేదైనా లేచి ఉంటే దానపత్రం నకలు తీసుకుని కమిషనరును కలవండి. ఆ స్థలం మీ పిల్లలది, దాన్ని అడగాల్సింది మీరే.